పెడల్ నోరు కాదు, చెవి చూసి కొనండి

బేస్ గిటార్‌కి సింథ్ పెడల్ కొనాలనుకునేవాళ్ళు ముందు చెయ్యాల్సిన పని యూట్యూబ్ మూసెయ్యడం. నేను ఆ పని ఎనిమిది నెలలు ఆలస్యంగా చేశాను. ప్రతి వీడియోలోనూ ఒకాయన నీలం లైట్ల గదిలో కూర్చుని, కాలితో పెడల్ తొక్కి, ఒకే ఒక్క స్వరం మీటి గోడలు వణికిస్తాడు. హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే మనం కూడా వణుకుతాం. ఆ ఒక్క స్వరం ఏ తీగ మీద, ఏ ఫ్రెట్ దగ్గర మీటాడో చూడాలని నాకు చాలాకాలం తట్టలేదు. తట్టి ఉంటే రెండున్నర వేలు మిగిలేవి.

మన కాలేజీలో బేస్ గిటార్ ఉన్నవాళ్ళం నాకు తెలిసి ముగ్గురం. ముగ్గురి కోసం వ్యాసం ఎందుకని ఎడిటర్ అక్క అడిగింది. ఇందులో ఆటోకోరిలేషన్ కూడా వస్తుంది, ఈసీఈ వాళ్ళు చదువుతారని చెప్పి ఒప్పించా. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఫ్రీక్వెన్సీని తెలుగులో పౌనఃపున్యం అంటారని ఈ నెలలోనే తెలిసింది. ఒకసారి రాశాను కదా, ఇక మీదట ఫ్రీక్వెన్సీయే. అలాగే బేస్ అంటే గిటార్, బాస్ అంటే పెడల్స్ తయారుచేసే జపాన్ కంపెనీ. ప్రూఫ్ చూసేవాళ్ళు దయచేసి రెండూ ఒకటి చెయ్యొద్దు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బేస్ గిటార్‌కి సాధారణంగా నాలుగు లావు తీగలుంటాయి. పాటలో అడుగున నడిచే చప్పుడు దానిది. పెడల్ అనేది సబ్బుపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉండే ఇనప డబ్బా. గిటార్ నుంచి వైరు దానిలోకి వెళ్ళి, దాని నుంచి యాంప్‌కి వెళ్తుంది. మధ్యలో అది చప్పుడు మార్చేస్తుంది. సింథ్ పెడల్ అయితే తీగ చప్పుడుని కీబోర్డు సింథసైజర్ చప్పుడులా మారుస్తుంది. మార్చాలి, అంటే మార్చాలని మనం డబ్బులిస్తాం.

ఈ పిచ్చి నాకు అంటించింది మా మావయ్య. కొవ్వూరులో ఆయనకి మైక్ సెట్ వ్యాపారం. పెళ్ళిళ్ళకి, సంతాప సభలకి, వినాయకచవితి పందిళ్ళకి బాక్సులు అద్దెకిస్తాడు. అంతకుముందు, నేను పుట్టకముందు సంగతి, ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలు, శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు. రాజమండ్రిలో ప్రోగ్రాం ఉంటే గిటార్ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద బస్సులో గోదావరి దాటేవాడట. కిటికీ పక్క సీటు దొరికితే గిటార్ మెడ బయటికి పెట్టాల్సొచ్చేదట. కండక్టర్ దానికి కూడా టికెట్ కొట్టాడని చెప్తాడు. ఇది మాత్రం నేను నమ్మను.

అప్పట్లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడికి పని ఉండేది. ఇళయరాజా పాటలు వాయించాలంటే బేస్ లేకుండా కుదరదు. 1989లో ‘గీతాంజలి’, 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పాటలు ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్‌తో, గాయకుల్ని పట్టించుకోకుండా, అడుగున ఏం జరుగుతోందో వినండి. అక్కడ బేస్ ఊరికే తాళం వేస్తూ నిలబడదు. గొంతు పక్కనే తన దారి తను చూసుకుంటూ నడుస్తుంది. మావయ్య వాటిని టేప్ రికార్డర్‌లో వెనక్కీ ముందుకీ తిప్పి, క్యాసెట్ నలిగేదాకా విని నేర్చుకున్నాడు. నోటేషన్ రాదు. ఇప్పటికీ ఫ్రెట్‌ని మెట్టు అంటాడు, వీణ మెట్టు లాగా.

1994లో ‘ప్రేమికుడు’ వచ్చింది. ఏ.ఆర్. రెహమాన్ పాటలు. ఆ డాన్సు పాటల అడుగున మోగేది వేలితో తీగ మీటితే వచ్చే చప్పుడులా ఉండదు. గుండ్రంగా, రబ్బరులా, మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంతో ఉంటుంది. జనం ఆ పాటలే కావాలని చీటీలు పంపేవాళ్ళు. మావయ్య అవే స్వరాలు, అదే టైమింగ్‌తో వాయించినా ఆ చప్పుడు రాలేదు. పక్కన కీబోర్డు వాయించే ఆయన ఎడమచేత్తో ఒక మీట నొక్కితే వచ్చింది. కీబోర్డులో స్ప్లిట్ అని ఉంటుంది. మీటల్ని రెండు భాగాలు చేస్తే ఎడమవైపు బేస్, కుడివైపు వయొలిన్లు. ఒక మనిషికి ఇద్దరి పని. కొన్నాళ్ళకి డ్రమ్స్ బదులు ఆక్టోప్యాడ్ కూడా వచ్చింది.

“ఈసారికి మానెయ్ అబ్బాయ్, కారులో చోటు చాలట్లేదు” అన్నారట ఆర్కెస్ట్రా ఆయన. ఆ ‘ఈసారి’ ఇంకా అవ్వలేదు. మావయ్య ఇది చెప్పి నవ్వుతాడు. మా ఇంట్లో ఎవరికైనా ఏదైనా మర్యాదగా వద్దని చెప్పాలంటే ఇప్పటికీ ఆ మాటే వాడతాం, కారులో చోటు చాలట్లేదని.

బేస్ వాయించేవాళ్ళ పని కీబోర్డు ఎడమచేతికి పోవడం కొవ్వూరులో మొదలవ్వలేదు లెండి. మినీమూగ్ అనే సింథసైజర్ 1970లో వచ్చింది. 1978 నాటికి పార్లమెంట్ అనే అమెరికన్ బ్యాండ్ ‘ఫ్లాష్ లైట్’ పాటలో బెర్నీ వొరెల్ బేస్ లైన్ మొత్తం దాని మీదే వాయించేశాడు. బ్యాండ్‌లో బూట్సీ కాలిన్స్ లాంటి బేస్ వీరుడు ఉండగానే! 1982 ‘థ్రిల్లర్’ పాట అడుగున నడిచేది కూడా సింథ్ బేసే. దాని వీడియో చూసి మనవాళ్ళు 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి చేత దయ్యాల డాన్సు చేయించారు. ఇంటర్నెట్ వచ్చాక ఆ డాన్సు ప్రపంచమంతా తిరిగింది. అదే ‘థ్రిల్లర్’ ఆల్బంలో ‘బిల్లీ జీన్’ పాటకి మాత్రం లూయిస్ జాన్సన్ వాయించిన బేస్ గిటార్, సింథ్ బేస్ రెండూ ఒకదాని మీద ఒకటి వేశారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ రోలాండ్ టీబీ-303ది. 1981లో దాన్ని బేస్ ప్లేయర్‌కి బదులుగా పెట్టుకునే డబ్బాగా అమ్మారు. బేస్ ప్లేయర్‌లా అస్సలు మోగలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. ఈలోగా బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో ఆ డబ్బా పెట్టి పది రాగాలతో ఒక డిస్కో రికార్డు చేశాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి అది జారే పద్ధతి మన రాగాలకి సరిపోయింది. ఆ రికార్డుని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదల చేశాక, చికాగో వాళ్ళ యాసిడ్ హౌస్ కన్నా ముందే ఇలాంటి చప్పుడు బొంబాయిలో ఎలా వచ్చిందని జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. బేస్ వాయించేవాడిని తీసెయ్యడానికి చేసిన డబ్బాతో మన సినిమా ఆర్కెస్ట్రా మనిషి చేసిన పని అది.

నాకు కావాల్సింది చాలా చిన్నది. మావయ్య చేతిలో బేస్ గిటార్ ఉండి, దాంట్లోంచి ‘ప్రేమికుడు’ చప్పుడు రావాలి. ముప్పై ఏళ్ళు ఆలస్యమైనా సరే.

జూనియర్లకి సీ, పైథాన్ ట్యూషన్లు చెప్పి తొమ్మిది వేలు పోగేశా. మావయ్య చీటీ డబ్బుల్లోంచి ఆరు వేలు ఇచ్చాడు. “నాకోసం కాదురా, నువ్వు వాయించుకో” అన్నాడు. మొత్తం పదిహేను. ఆ డబ్బులు పట్టుకుని, వీడియోలన్నీ చూసిన మేధావిగా, ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ సింథ్ పెడల్ కొన్నాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. మావయ్య గోడౌన్లో బాక్సుకి తగిలించి, కింది తీగ, అంటే ఈ తీగ, మీటాను.

గుర్ర్... కీచ్... గుర్ర్... కీచ్ కీచ్.

స్వరం ఒక క్షణం కింద, ఒక క్షణం ఒక ఆక్టేవ్ పైన, మధ్యలో ఎక్కడెక్కడో ఎగురుతోంది. మావయ్య చాలాసేపు మర్యాదగా విన్నాడు. “వర్షం పడ్డాక మన చేలల్లో ఇలాగే ఉంటుందిరా” అన్నాడు. కప్పలు అనే మాట వాడలేదు, కానీ నాకు వినిపించింది.

మూడు రోజులు నాబ్స్ అన్నీ తిప్పాను. నాలుగో రోజు పెడల్ పక్కన పెట్టి, బేస్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, పైథాన్‌లో వేవ్‌ఫాం ప్లాట్ చేసి చూశా. ఇంజనీరింగ్‌లో చేరాక నాకు నిజంగా పనికొచ్చిన మొదటి సాయంత్రం అది.

బేస్ మీద ఉట్టి ఈ తీగ ఫ్రీక్వెన్సీ 41.2 హెర్ట్జ్. అంటే ఒక అల పూర్తవ్వడానికి 24 మిల్లీసెకన్లు పైనే పడుతుంది. మీరు ఒక మనిషి అడుగుల వేగం కొలవాలంటే కనీసం రెండు అడుగులు వెయ్యనివ్వాలి కదా. స్వరం ఏదో తేల్చడం కూడా అంతే. నేను రాసిన ఆటోకోరిలేషన్ కోడ్, అంటే అలని దాని పాత కాపీ మీద జరుపుతూ ఎక్కడ అతుకుతుందో చూసే కోడ్, నమ్మకంగా జవాబు చెప్పాలంటే దాదాపు రెండు అలలు కావాల్సొచ్చింది. సుమారు 48 మిల్లీసెకన్లు. పాట వేగం నిమిషానికి 120 బీట్స్ అయితే ఒక పదహారో వంతు స్వరం ఉండేదే 125 మిల్లీసెకన్లు. మూడో వంతు పైగా సమయం ‘ఇదేం స్వరం?’ అని ఆలోచించడానికే పోయింది. ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. సీపీయూ ఖాళీగానే ఉంటుంది, అల రావాలిగా. మన కోచింగ్ సెంటర్ భాషలో చెప్పాలంటే క్వశ్చన్ పేపర్ సగమే ఇచ్చి ఆన్సర్ అడుగుతున్నాం.

రెండో గొడవ ఇంకా సరదాగా ఉంది. నా ప్లాట్‌లో 41 దగ్గర చిన్న గుట్ట, 82 దగ్గర పెద్ద గుట్ట కనిపించాయి. అంటే కింది తీగ మీటినప్పుడు దాని అసలు స్వరం కన్నా, దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఉండే హార్మోనిక్ ఎక్కువ బలంగా ఉంది. మన చెవి, మెదడు కలిసి అది కింది ఈ అనే అర్థం చేసుకుంటాయి. పెడల్ మాత్రం ఒకసారి కింది ఈ అనుకుంటుంది, ఒకసారి పై ఈ అనుకుంటుంది. కప్పలు అక్కడ పుట్టాయి.

అప్పుడు వెనక్కెళ్ళి పాత వీడియోలు చూశా. ఈసారి సౌండ్ ఆపేసి, ఎడమచెయ్యి మాత్రమే చూశా. నేను మళ్ళీ చూసిన తొమ్మిది వీడియోల్లో ఏడింటిలో ఆయన వాయిస్తున్నది ఏడో ఫ్రెట్ పైనే! అదే ఈ స్వరాన్ని ఏ తీగ ఏడో ఫ్రెట్ దగ్గర ఒక ఆక్టేవ్ పైన మీటితే ఫ్రీక్వెన్సీ 82.4. ఒక అలకి 12 మిల్లీసెకన్లే. పెడల్‌కి సగం సమయంలో అర్థమవుతుంది, హార్మోనిక్ గొడవ కూడా తగ్గుతుంది. తర్వాత పెడల్‌తోనే దాన్ని ఒక ఆక్టేవ్ కిందకి దించుకోవచ్చు. అందులో మోసమేం లేదు, వాయించే పద్ధతే అది. కానీ ఎవరూ నోరు తెరిచి చెప్పరు. వాళ్ళు నోరు తెరిచేది ‘చూశారా ఎంత లావుగా ఉందో’ అనడానికే.

అందుకే నా అభిప్రాయం ఇది. సింథ్ పెడల్ కొనేటప్పుడు అందరం అది ఏం మాట్లాడుతుందో చూస్తాం. ఎన్ని సౌండ్లు, ఎన్ని నాబ్‌లు, ఎంత లావు. చూడాల్సింది అది ఎలా వింటుందో. వినడం రాని పెడల్‌కి వంద గొంతులున్నా అవి వంద రకాల కప్పలు.

వినే పద్ధతిని బట్టి ఈ పెడల్స్‌ని నేను రెండు జాతులుగా చూస్తాను. మొదటి జాతి అసలు స్వరం ఏదో కనుక్కోవడానికే ప్రయత్నించదు. వచ్చిన అలనే పట్టుకుని వంచుతుంది. పైభాగం, కిందిభాగం కోసేసి చదరం చేస్తుంది. ఫిల్టర్ వేసి నువ్వు గట్టిగా మీటితే తెరుచుకుని, స్వరం చచ్చేకొద్దీ మూసుకునేలా చేస్తుంది, ‘వావ్’ అని వినిపించేది అదే. అన్నిటికన్నా అందమైనది ఆక్టేవ్. మనం డీఎల్‌డీలో చదివిన టీ ఫ్లిప్‌ఫ్లాప్ గుర్తుందా? ప్రతి పల్స్‌కి స్థితి మారుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. సగం ఫ్రీక్వెన్సీ అంటే ఒక ఆక్టేవ్ కింద. ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్ తగిలిస్తే రెండు ఆక్టేవులు. 1982లో వచ్చిన బాస్ ఓసీ-2 పెడల్ చేసే పని ఇదే. వైవాలో ‘వేర్ ఈజ్ ఇట్ యూజ్డ్’ అంటే కౌంటర్లు అని ఊరుకున్నాను. మళ్ళీ ఛాన్స్ వస్తే ఇది చెప్తా. ఈ జాతి ఆలోచించదు కాబట్టి చప్పున పలుకుతుంది. వేలు జారిస్తే చప్పుడు కూడా జారుతుంది. కానీ శుభ్రంగా వాయించాలి. రెండు తీగలు కలిసి మోగితే దాని లెక్క తప్పుతుంది.

రెండో జాతి స్వరం కనుక్కుని, తనలో ఉన్న అసలైన ఆసిలేటర్‌ని ఆ స్వరం దగ్గర మోగిస్తుంది. పాత అకాయ్ డీప్ ఇంపాక్ట్, దాని వారసుడు ఫ్యూచర్ ఇంపాక్ట్ ఈ దారిలోవి. చెవి మంచిదైతే నిజం సింథ్ బేస్ చేతికొచ్చినట్టే. చెవి మందమైతే నా గోడౌన్ కథే. స్వరాన్ని మిడీ నోట్‌గా మార్చే ఏర్పాట్లలో అయితే వేలు జారిస్తే ఆ జారుడుకి పిచ్ బెండ్ సమాచారం కూడా సరిగ్గా వెళ్ళాలి. లేకపోతే జారుడుబల్ల బదులు మెట్లెక్కినట్టు ఉంటుంది. మన పాటలకి అది పంటికింద రాయి.

ఈ మధ్య వచ్చిన డిజిటల్ పెడల్స్ ఈ లెక్కకి సరిగ్గా లొంగవు. 2019లో వచ్చిన బాస్ ఎస్‌వై-1 లో పదకొండు రకాలు, ఒక్కోదానిలో పదకొండు చొప్పున 121 సౌండ్లుంటాయి. ఒకేసారి ఎన్ని తీగలు మీటినా తీసుకుంటుంది. గిటార్‌కా, బేస్‌కా అని చెప్పే స్విచ్ కూడా ఉంది. హైదరాబాద్‌లో ఒక షాపులో పదిహేను నిమిషాలు వాయించా. నిజం చెప్పాలి, కింది ఈ దగ్గర కూడా పెద్దగా తడబడలేదు. చెవి మంచిదే. డబ్బులుంటే తీసుకోండి, నేను ఏమీ అనను. నా దగ్గర లేవు. ఉన్నా 121లో నాకు కావాల్సినవి మూడు.

ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ళ బేస్ మైక్రో సింథ్ మొదటి జాతికి రాజు. ఆక్టేవ్, చదరపు అల, ఫిల్టర్ అన్నీ స్లైడర్లుగా ముందే పరిచి ఉంటాయి. దానికి 24 వోల్టుల సొంత అడాప్టర్ కావాలి. మిగతా పెడల్స్ అన్నీ 9 వోల్టులతో నడుస్తుంటే ఇదొక్కటే అత్తారింటికొచ్చిన అల్లుడిలా ప్రత్యేక ఏర్పాటు అడుగుతుంది. తీర్థంలో జనరేటర్ మీద ఉన్నప్పుడు ఆ అడాప్టర్ పోతే రాత్రి పదింటికి ఎక్కడ తెస్తాం? డబ్బులు అస్సలు లేనివాళ్ళకి జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ-ఎఫెక్ట్స్ ఉన్నాయి. సింథ్ ఎఫెక్టులు కూడా ఉంటాయి, నాలుగు పెన్సిల్ బ్యాటరీల మీద నడుస్తుంది. నేర్చుకోవడానికి బానే ఉంటుంది.

ఇక్కడ మావయ్య వ్యాపార జ్ఞానం చెప్పాలి. రెండు ఆక్టేవులు కిందకి దించే నాబ్ చూసి నేను మురిసిపోతుంటే, “అది ఏ బాక్సులో మోగిస్తావురా?” అని అడిగాడు. కింది ఈ ఒక ఆక్టేవ్ దిగితే 20.6 హెర్ట్జ్. మనిషి చెవి అంచు అది. మావయ్య దగ్గరున్న పద్దెనిమిది అంగుళాల బాక్సులు 40 కింద సరిగ్గా పలకవు. “మోగవు, కాయిల్ వేడెక్కుద్దంతే. కరెంటు నాది, బాక్సు నాది, చప్పుడు ఎవరికీ వినపడదు” అన్నాడు. హెడ్‌ఫోన్స్‌లో విని కొన్నవాడికి, మైదానంలో నిలబడి వినేవాడికి ఉన్న తేడా అది. పైన వాయించి ఒక్క ఆక్టేవ్ దించుకుంటే పెడల్ చెవికీ మంచిది, బాక్సు కాయిల్‌కీ మంచిది.

మా హాస్టల్ ఫ్రెండు ఒకడు గట్టి ప్రశ్న వేశాడు. అంత డబ్బు పెట్టి గిటార్ చేత కీబోర్డులా అరిపించడం ఎందుకు, అదే డబ్బుకి చిన్న కీబోర్డు కొనుక్కోవచ్చుగా? నిజమే. దీనికి నేను రెండు రోజులు జవాబు వెతుక్కున్నాను. చప్పుడే కావాలంటే కీబోర్డే కొనుక్కోండి. సులువు, చవక, కప్పలుండవు. కానీ బేస్ వాయించేవాడి పని చప్పుడు కన్నా ఎక్కువగా ఆ చప్పుడు ఆపడంలో ఉంటుంది. ఎడమ వేలు కొంచెం లేపితే స్వరం ఎక్కడ చచ్చిపోతుందో, మధ్యలో స్వరం లేకుండా ‘టక్’ అని ఎక్కడ తగులుతుందో, ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదకి ఎంత బద్ధకంగా జారుతుందో, అదంతా మావయ్య వేళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఉంది. ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో వయొలిన్లు వాయిస్తూ పాటగాడికి సైగలు చేసే మనిషికి అంత తీరిక ఉండదు. ఆయన తప్పు కాదు. ఒక చెయ్యి ఎంతని చేస్తుంది? పైగా పెడల్‌లో అసలు గిటార్ చప్పుడుని కూడా పక్కన కలుపుకోవచ్చు. ‘బిల్లీ జీన్’లో స్టూడియోలో విడివిడిగా వేసి కలిపినదానికి దగ్గరగా, స్టేజి మీద ఒక మనిషి చేతిలోంచి వస్తుంది. అందుకే అసలు చప్పుడు కలిపే నాబ్ లేని సింథ్ పెడల్‌ని నేను ఉచితంగా ఇచ్చినా తీసుకోను. (ఇస్తే చెప్పండి, ఆలోచిస్తా.)

చివరికి ఏం కొన్నానంటే, సింథ్ పెడల్ కొనలేదు. కప్పల పెడల్‌ని రెండున్నర వేల నష్టానికి అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో ఆక్టేవ్ పెడల్ కొన్నాను, బాస్ ఓసీ-5. 2020లో వచ్చింది, పాత ఓసీ-2లా పలికే వింటేజ్ మోడ్ ఉంది. మిగిలిన డబ్బుతో ఫిల్టర్ పెడల్ చూస్తున్నా. ఆక్టేవ్, ఫజ్, ఫిల్టర్ వరుసగా పెడితే మైక్రో సింథ్ చేసే పనిలో చాలాభాగం అయిపోతుంది, ఒక్కోటి ఒక్కో సెమిస్టర్‌లో కొనుక్కోవచ్చు. ఆక్టేవ్ అన్నిటికన్నా ముందుండాలి, శుభ్రమైన అల దానికే ముందు అందాలి. ఫజ్ తర్వాత ఫిల్టర్ పెట్టేవాళ్ళు ఒకటి చూసుకోండి. ఫజ్ అన్ని స్వరాల్నీ ఒకే గట్టిదనానికి తెచ్చేస్తుంది కాబట్టి, గట్టిగా మీటితే తెరుచుకోవాల్సిన ఫిల్టర్‌కి ఏది గట్టి, ఏది మెత్తన అనేది తెలీదు. క్యూ-ట్రాన్ ప్లస్‌లో ఫజ్‌ని మధ్యలో పెట్టుకునే లూప్ ఇచ్చింది ఇందుకే. అది దొరక్కపోతే ఫిల్టర్ ముందు, ఫజ్ వెనక.

కొనేముందు ఎక్కడైనా వాయించి చూసే అవకాశం దొరికితే నేను చేసేది చెప్తా. నా బేస్ నేనే తీసుకెళ్తా. టోన్ నాబ్ సగానికి తగ్గించి, మెడ వైపు పికప్ పెట్టి, మెడకి దగ్గరగా మీటుతా. అక్కడ మీటితే అసలు స్వరం బలంగా వస్తుంది. ముందు కింది ఈ, తర్వాత ఏ, తర్వాత ఏడో మెట్టు. తర్వాత వేగంగా పదహారో వంతులు. తర్వాత ఒక పొడుగు జారుడు. స్వరం చచ్చేచోట చెవి పెట్టి వింటా, ఎందుకంటే చాలా పెడల్స్ మొదట్లో కాదు, చివర్లో కీచుమంటాయి. ఈ అయిదూ అయ్యాకే మిగతా సౌండ్లు. షాపువాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

పెడల్ వచ్చిన రోజు రాత్రి గోడౌన్లో మావయ్యకి గిటార్ ఇచ్చా. చాలా ఏళ్ళ తర్వాత పట్టుకున్నాడు, వేళ్ళు మెత్తబడ్డాయని నొప్పి అన్నాడు. ఏడో మెట్టు పైన వాయించమంటే మొదట ఒప్పుకోలేదు, “బేస్ అంటే కిందే వాయించాలిరా” అని. తర్వాత వాయించాడు. పాట పేరు చెప్పలేదు గానీ, నాలుగు స్వరాలకే నాకు తెలిసింది. ఎనిమిది సార్లు అదే లైన్ వాయించి, ఆపి, పెడల్ కేసి చూసి, “ఆ అసలు చప్పుడు నాబ్ ఇంకొంచెం పెంచు, నా వేళ్ళు వినపడట్లేదు” అన్నాడు.

షష్ఠికి ఆర్కెస్ట్రా ఆయన, ఇప్పుడు ఆయన కొడుకే నడుపుతున్నాడు లెండి, రెండు పాటలు ఇస్తానన్నాడు. మావయ్యే వెళ్ళి అడిగాడు. “కారులో చోటుందాండీ?” అని అడిగితే ఆ అబ్బాయికి అర్థం కాలేదట. వ్యాన్‌లో వెళ్తాం అంకుల్ అన్నాడట. నేను 9 వోల్టుల అడాప్టర్ ఇంకోటి స్పేర్‌గా కొనాలి.